ఇన్సులిన్ పడకపోతే ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్సులిన్ వేసుకున్న చోట ఎర్రగా లేచి దురద పెడుతోంది. నాకు ఇన్సులిన్ పడటం లేదా?

కావచ్చు. అయితే ఆ మాట అనేముందు సూది ఎలా వేసుకుంటున్నారో ఒకసారి చూసుకోండి. ఎలర్జీ అనుకుని వచ్చే వాటిలో చాలా భాగం అసలు ఎలర్జీలే కావు.

ఇన్సులిన్ చర్మం కింద ఉన్న కొవ్వులోకి వెళ్లాలి. సూది సగమే దిగి మందు చర్మం పొరల్లోనే ఆగిపోతే వెంటనే తెల్లటి చిన్న బుడిపె లేస్తుంది, చుట్టూ ఎర్రబడుతుంది, మంట పుడుతుంది. చూడటానికి అచ్చం ఎలర్జీ దద్దులాగే ఉంటుంది. 4 మిల్లీమీటర్ల సూదిని నిటారుగా, పూర్తిగా దించితే పెద్దవాళ్లలో దాదాపు అందరికీ సరిపోతుంది. మందు ఎక్కించాక 10 అంకెలు లెక్కపెట్టి అప్పుడు సూది తీయాలి.

స్పిరిట్ ఆరకముందే గుచ్చితే మండుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మందు చల్లగా ఉండగానే వేసుకుంటే నొప్పి పుడుతుంది. ఒకే సూదిని నాలుగైదు రోజులు వాడితే మొన అరిగి చర్మాన్ని చీరుతుంది. గ్లార్జిన్ అనే రకం ఇన్సులిన్ ద్రావణం ఆమ్ల గుణం గలది, పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. అందుకే కొందరికి వేసుకున్న కాసేపు చురుక్కుమంటుంది. ఇవేవీ ఎలర్జీలు కావు.

ఓ వారం పాటు ప్రతిసారీ కొత్త సూది వాడండి. వాడుకలో ఉన్న పెన్నును గది ఉష్ణోగ్రతలోనే ఉంచండి, స్పిరిట్ ఆరనివ్వండి, చోటు మార్చండి. అప్పటికీ దురదతో కూడిన దద్దు వస్తూనే ఉంటే ఎలర్జీ కోణంలో చూడాలి. ఎలర్జీకి అసలు గుర్తు దురద. దురద లేకుండా ఒట్టి నొప్పి, మంట మాత్రమే ఉంటే కారణం ఎక్కువగా వేసుకునే పద్ధతిలోనే దొరుకుతుంది.

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి?

సూది వేసిన చోటు దాటి ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక, కనురెప్పల వాపు, గొంతు పట్టేసినట్లు ఉండి మాట బొంగురుపోవడం, ఆయాసం, పిల్లికూతలు, కళ్లు తిరగడం, వాంతులు. సూది వేసుకున్న నిమిషాల్లోనో గంటలోపో వీటిలో రెండు కలిసి వచ్చినా, ఊపిరి ఆడకపోవడం ఒక్కటే వచ్చినా అది అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ) కింద లెక్క.

దానికి మందు అడ్రినలిన్. తొడ బయటి వైపు మధ్యభాగంలో, కండలోకి వేయాలి. ఆస్పత్రిలో పెద్దవారికి మామూలుగా 0.5 మిల్లీగ్రాములు ఇస్తారు. తగ్గకపోతే 5 నిమిషాల తర్వాత మళ్లీ ఇస్తారు. ఎలర్జీకి వేసుకునే సెటిరిజిన్ మాత్ర దద్దుర్లను తగ్గిస్తుందే కానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టదు. మాత్ర వేసుకుని చూద్దాం అని కూర్చున్న సమయమే ప్రాణం మీదికి తెస్తుంది. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వండి, కానీ నిలబెట్టొద్దు, నడిపించొద్దు. ఒకసారి తగ్గాక కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి ఆస్పత్రిలో కనిపెట్టి ఉంచుతారు.

ఒక తేడా గుర్తుంచుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ ఉండి దురదా దద్దుర్లూ లేకపోతే అది షుగరు పడిపోవడం కావచ్చు. గ్లూకోమీటరు దగ్గరుంటే చూడండి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే ముందు గ్లూకోజు ఇవ్వాలి.

అయితే ఇన్సులిన్ మానేస్తే పోలేదా?

మీ అంతట మీరు మానొద్దు. ఈ పేజీలో ఒక్క ముక్కే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుంచుకోండి.

టైప్ 1 వారిలో ఇన్సులిన్ ఆగితే గంటల్లోనే కీటోన్లు (కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పేరుకోవడం మొదలై, ఒకటి రెండు రోజుల్లో రక్తం ఆమ్లమయమయ్యే కీటోఅసిడోసిస్‌కు దారి తీస్తుంది. చేతి మీద దద్దు కంటే అది ఎన్నో రెట్లు ప్రమాదం. ఒళ్లంతా పాకే రియాక్షన్ వచ్చినా సరే, తర్వాతి మోతాదు ఎక్కడ, ఎవరి కళ్ల ముందు, ఏ రకం వేయాలన్నది ఆస్పత్రిలో తేల్చుకోవాలి, ఇంట్లో వదిలేయకూడదు. టైప్ 2 వారిలో కొందరికి వేరే మందులతో నెట్టుకురావడం సాధ్యమే. ఆ నిర్ణయం సి-పెప్టైడ్ (ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే రక్త పరీక్ష) చూసి డాక్టరు తీసుకోవాలి.

మానడంలో ఇంకో చిక్కు ఉంది. ఇన్సులిన్‌ను కొన్నాళ్లు వాడి, ఆపి, నెలల తర్వాత మళ్లీ మొదలుపెట్టినవారిలోనే ఎలర్జీ ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి విడతలో తయారైన యాంటీబాడీలు (పరాయి పదార్థాన్ని పట్టుకోవడానికి శరీరం చేసుకునే ప్రొటీన్లు) రెండో విడత కోసం కాచుకుని ఉంటాయి.

డాక్టరు 'ఎంతసేపటికి వచ్చింది' అని పదేపదే అడుగుతున్నారు. ఎందుకు?

రోగనిరోధక వ్యవస్థలో ఏ భాగం తిరగబడిందో చెప్పేది ఆ సమయమే కాబట్టి. దద్దు రంగు, సైజు కంటే గడియారం ఎక్కువ చెబుతుంది.

నిమిషాల నుంచి గంటలోపు దురదతో ఎర్రటి దద్దు లేచి కొన్ని గంటల్లో మాయమైతే అది ఐజీఈ అనే ఎలర్జీ రకం యాంటీబాడీల పని. చర్మంలోని మాస్ట్ కణాలు పగిలి దురద, వాపు పుట్టించే హిస్టమిన్ బయటికి వస్తుంది. ఒళ్లంతా పాకే ప్రమాదం ఉన్నది ఈ రకానికే. కొందరిలో మొదటి దద్దు తగ్గాక 4 నుంచి 6 గంటలకు అదే చోట రెండో విడత వాపు వస్తుంది.

4 నుంచి 8 గంటల మధ్య నొప్పితో, ముట్టుకుంటే వేడిగా ఉండే గట్టి వాపు వస్తే అది ఇన్సులిన్, ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీలు ముద్దకట్టి చిన్న రక్తనాళాల దగ్గర చేరడం వల్ల కావచ్చు. దురద కంటే నొప్పి ఎక్కువ. ఇది అరుదు. జ్వరం, కీళ్లనొప్పులు తోడైతే ఆ ముద్దలు ఒళ్లంతా తిరుగుతున్నాయని అనుమానించాలి.

మర్నాటికి గానీ కనపడకుండా, 12 నుంచి 48 గంటలకు దురదతో గట్టి బుడిపె వచ్చి రోజుల తరబడి ఉండిపోతే అది టీ కణాల (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) ప్రతిచర్య. దీనికి ఎలర్జీ మాత్రలు పెద్దగా పనిచేయవు, ఎందుకంటే ఇందులో హిస్టమిన్ పాత్ర తక్కువ. 'మాత్ర వేసుకున్నా తగ్గలేదు' అనేవారిలో ఈ రకం వాళ్లు ఉంటారు.

చిక్కెక్కడంటే, రోజుకు నాలుగు సూదులు వేసుకునేవారికి ఏ దద్దు ఏ సూదిదో తెలియదు. ఉదయం కనిపించే బుడిపె రాత్రి వేసిన బేసల్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే) ఇన్సులిన్‌దా, నిన్న మధ్యాహ్నం వేసిన భోజనపు ఇన్సులిన్‌దా? అందుకే ఒక్కో ఇన్సులిన్‌కు ఒక్కో చోటు కేటాయించండి. బేసల్ ఎడమ తొడకు, భోజనానికి వేసేది పొట్టకు. రెండు వారాల్లో విషయం తేలుతుంది.

డైరీలో ఏం రాయాలి?

తేదీ, సమయం, ఇన్సులిన్ పేరు, బ్యాచ్ నంబరు, యూనిట్లు, ఒంట్లో చోటు, సూది కొత్తదా పాతదా, ఎంతసేపటికి వచ్చింది, ఎంతసేపు ఉంది, దురదా నొప్పా. ఆ రోజు వేసుకున్న వేరే మందులు కూడా. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి దద్దు ఉండదు, ఫొటోయే సాక్ష్యం. ఇలా ఉంటే చాలు: 'రాత్రి 9:30, గ్లార్జిన్ 14 యూనిట్లు, ఎడమ తొడ, కొత్త సూది. 9:45కి దురద. 10కి 3 సెంటీమీటర్ల దద్దు. 12కి లేదు.' ఈ నాలుగు ముక్కలు చదవగానే డాక్టరు ఆలోచన సగం దూరం వెళ్లిపోతుంది.

ఇన్సులిన్ మన ఒంట్లో ఉండేదే కదా, దానికి ఎలర్జీ ఎలా వస్తుంది?

న్యాయమైన ప్రశ్న. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన మొట్టమొదటి ఇంజెక్షన్‌లో మలినాలు ఎక్కువ. సూది వేసిన చోట గడ్డ లేచింది. జీవరసాయన శాస్త్రవేత్త జేమ్స్ కాలిప్, జంతువుల క్లోమం నుంచి తీసిన ఆ సారాన్ని మరింత శుద్ధి చేశాక, జనవరి 23 నుంచి మళ్లీ ఇస్తే పనిచేసింది. తర్వాత దశాబ్దాల పాటు వాడింది ఆవు, పంది ఇన్సులిన్లే. మనిషి ఇన్సులిన్‌తో పోలిస్తే ఆవుదానిలో 3 అమైనో ఆమ్లాలు తేడా, పందిదానిలో ఒక్కటే. ఆ మూడు తేడాలకే ఆవు ఇన్సులిన్ ఎక్కువ యాంటీబాడీలు పుట్టించేది. 1982లో జన్యు సాంకేతికతతో చేసిన మానవ ఇన్సులిన్ అనుమతి పొందాక ఎలర్జీలు బాగా తగ్గాయి. ఇప్పుడు ఇన్సులిన్ వాడేవారిలో నూటికి 3 కంటే తక్కువ మందిలోనే కనిపిస్తాయి.

అయినా పూర్తిగా పోలేదు. సహజమైన ఇన్సులిన్ క్లోమం నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఇంజెక్షన్ ఇన్సులిన్ మాత్రం చర్మం కింద, నిరోధక కణాలు కాపలా కాసే చోట, కాసేపు నిలవ ఉంటుంది. వేడికి, గడ్డకట్టడానికి, గట్టిగా కుదపడానికి గురైతే అణువులు గుంపుకడతాయి. ఆ గుంపులను శరీరం పరాయివిగా చూస్తుంది. అందుకే తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిందని తెలిస్తే కరిగాక చూడటానికి బాగున్నా పారేయాలి.

సీసాలో ఇన్సులిన్ కాక ఇంకేముంటాయి?

అనుమానించాల్సినవి చాలానే ఉంటాయి. పాడవకుండా కలిపే మెటాక్రెసాల్, ఫినాల్ దాదాపు అన్ని ఇన్సులిన్లలోనూ ఏదో ఒకటి లేదా రెండూ ఉంటాయి. అందుకే బ్రాండు మార్చినా ఎలర్జీ తగ్గకపోతే 'అన్ని ఇన్సులిన్లూ పడవు' అని తీర్మానించే ముందు అన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి. జింక్ చాలావాటిలో ఉంటుంది, భోజనానికి వేసే గ్లులిసిన్‌లో ఉండదు. జింక్ మీద అనుమానం ఉన్నప్పుడు ఆ తేడా అక్కరకొస్తుంది.

ప్రొటమిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇది చేపల వీర్యం నుంచి తీసిన ప్రొటీను. పాలలా తెల్లగా ఉండి, వాడేముందు దొర్లించి కలపాల్సిన ఎన్‌పీహెచ్ ఇన్సులిన్‌లోను, మిక్స్ ఇన్సులిన్లలోను ఉంటుంది. నీళ్లలా తేటగా ఉన్నవాటిలో ఉండదు. తెల్లటిది వేసుకుంటే దద్దు వచ్చి, తేటది వేసుకుంటే రాకపోతే ప్రొటమిన్‌ను ముందు అనుమానించాలి. అప్పుడు గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటి తేట బేసల్ ఇన్సులిన్‌కు మారితే కథ అక్కడితో ముగియవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి: గుండె ఆపరేషన్ తర్వాత, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్ ప్రభావం పోగొట్టడానికి రక్తనాళంలోకి ఇచ్చే మందు కూడా ప్రొటమినే. ఎన్‌పీహెచ్ వాడుతున్నవారికి, ఒకప్పుడు వాడినవారికి అప్పుడు తీవ్రమైన రియాక్షన్ వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

మందు బయట కూడా వెతకాలి. కొన్ని సీసాల రబ్బరు మూతల్లో లేటెక్స్, సూదిలో నికెల్, చర్మం తుడిచే ద్రావణం. పంపు, గ్లూకోజ్ సెన్సరు వాడేవారిలో జిగురు మరో పెద్ద కారణం. సెన్సరు ఉన్నంత మేర గీత గీసినట్లు ఎర్రబడి పొక్కులు వస్తే అది ఇన్సులిన్ తప్పు కాదు. ఐసోబోర్నిల్ ఆక్రిలేట్ అనే పదార్థం అలా చేస్తుందని 2017లో బయటపడింది.

ఏ పరీక్షలు చేస్తారు?

వెంటనే వచ్చే రకానికి స్కిన్ ప్రిక్ టెస్ట్. ముంజేతి మీద రకరకాల ఇన్సులిన్ల చుక్కలు, వాటితోపాటు మెటాక్రెసాల్, ప్రొటమిన్ లాంటి విడి పదార్థాల చుక్కలు వేసి సన్నగా గుచ్చుతారు. ఒక పక్క సెలైన్, ఇంకో పక్క హిస్టమిన్ చుక్క పోల్చడానికి. 15-20 నిమిషాలకు చూస్తారు. సెలైన్ చోటి కంటే 3 మిల్లీమీటర్లు పెద్ద దద్దు లేస్తే పాజిటివ్. ఏమీ తేలకపోతే పలచన చేసిన మందును చర్మం పొరలోకి ఎక్కిస్తారు. సెటిరిజిన్ లాంటివి పరీక్షకు దాదాపు వారం ముందే ఆపమంటారు. ఆపకుండా వెళ్తే హిస్టమిన్ చుక్క కూడా లేవదు, పరీక్ష వృథా. ఆలస్యంగా వచ్చే రకానికి, అనుమానం ఉన్న పదార్థాన్ని చర్మానికి అంటించే ప్యాచ్ టెస్ట్ చేసి 48 గంటలకు, ఆ తర్వాత మరోసారి చూస్తారు.

రక్తంలో ఇన్సులిన్‌కు ప్రత్యేకమైన ఐజీఈ కూడా కొలవవచ్చు. కానీ చర్మ పరీక్షైనా, రక్త పరీక్షైనా పాజిటివ్ రావడం ఒక్కటే రోగ నిర్ధారణ కాదు. ఏ ఇబ్బందీ లేకుండా ఏళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నవారిలో కూడా పాజిటివ్ వస్తుంది. రిపోర్టు, డైరీ రెండూ ఒకే మాట చెప్పాలి.

చికిత్స ఎలా సాగుతుంది?

కొత్తగా మొదలుపెట్టిన మొదటి వారాల్లో వచ్చే చిన్న దద్దులు, వాడుతూ ఉంటే ఒకటి రెండు నెలల్లో చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. ఈలోగా నిద్రమత్తు తక్కువగా ఉండే సెటిరిజిన్ లాంటి మాత్ర, చల్లటి గుడ్డ కాపడం, ఒక్క మోతాదును రెండుగా చేసి రెండు చోట్ల వేసుకోవడం సరిపోతాయి. దద్దు రోజురోజుకూ పెద్దదవుతుంటే మాత్రం ఆగొద్దు, ఒళ్లంతా పాకే ముందు కొన్నిసార్లు ఇలాగే ఉంటుంది.

తగ్గకపోతే పరీక్షల ఆధారంగా ఇన్సులిన్ రకం మారుస్తారు. పంపుతో బొట్టుబొట్టుగా ఇస్తే కొందరు తట్టుకుంటారు. స్టెరాయిడ్లు ఎలర్జీని అణుస్తాయి కానీ షుగరును పైకి నెడతాయి, దాంతో ఇన్సులిన్ ఇంకా ఎక్కువ కావాలి. ఎలర్జీ కారకమే ఎక్కువ వేయాల్సి రావడం చిన్న ఇబ్బంది కాదు. మొండి కేసుల్లో ఐజీఈని పట్టుకునే ఒమలిజుమాబ్ వాడతారు.

డీసెన్సిటైజేషన్ అంటే? ఇంట్లో చేసుకోవచ్చా?

అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ శరీరానికి ఇన్సులిన్ అలవాటు చేయడమే డీసెన్సిటైజేషన్. ఇంట్లో కుదరదు. అడ్రినలిన్, సెలైన్ సిద్ధంగా ఉన్న ఆస్పత్రిలోనే చేయాలి. ఎందుకో మోతాదులు చూస్తే అర్థమవుతుంది. మిల్లీలీటరుకు 100 యూనిట్లున్న ఇన్సులిన్‌లోంచి 0.1 మిల్లీలీటరు తీసి 9.9 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే మిల్లీలీటరుకు 1 యూనిట్. దాన్నే మళ్లీ అలాగే పలచన చేస్తే మిల్లీలీటరుకు 0.01. అందులో 0.1 మిల్లీలీటరు అంటే యూనిట్‌లో వెయ్యో వంతు. మొదలుపెట్టేది ఆ స్థాయిలో, ఒక్కోసారి ఇంకా తక్కువతో. 15 నుంచి 30 నిమిషాలకోసారి పెంచుకుంటూ పోతారు. దద్దు వస్తే ఒక మెట్టు వెనక్కి దిగుతారు. పలచన ఎక్కడో ఒకచోట తప్పితే మోతాదు 100 రెట్లు పెరిగిపోతుంది, అనాఫిలాక్సిస్ చేతికందేంత దూరంలో ఉంటుంది.

అసలు మోతాదు చేరాక రోజూ తప్పకుండా వేసుకోవాలి. వచ్చిన ఓర్పు వాడుతున్నంత కాలమే నిలుస్తుంది. కొన్ని రోజులు ఆపితే మళ్లీ మొదటి మెట్టు. అలాంటప్పుడు మామూలు మోతాదు నేరుగా వేసుకోవద్దు, ముందు ఫోన్ చేయండి.

దద్దుర్లేవీ లేవు, కానీ 'ఇన్సులిన్ యాంటీబాడీలు ఎక్కువ' అని రిపోర్టు వచ్చింది. భయపడాలా?

ఇన్సులిన్ వాడేవారిలో చాలామందికి కొద్దోగొప్పో ఐజీజీ యాంటీబాడీలు ఉంటాయి, ఏ హానీ చేయవు. కొందరిలో మాత్రం అవి స్పాంజిలా ప్రవర్తిస్తాయి. భోజనానికి ముందు వేసిన ఇన్సులిన్‌ను పీల్చేసుకుంటాయి, దాంతో తిన్నాక షుగరు ఆకాశానికి వెళ్తుంది. గంటల తర్వాత పట్టు సడలి ఇన్సులిన్‌ను వదిలేస్తాయి, ఎవరూ వేయని ఇన్సులిన్ అర్ధరాత్రి పనిచేసి షుగరు పడిపోతుంది. భోజనం తర్వాత 300, తెల్లవారుజామున 3 గంటలకు 50 అన్న వరుస మళ్లీ మళ్లీ వస్తుంటే, మోతాదు పెంచిన కొద్దీ పగలూ రాత్రీ తేడా పెరుగుతుంటే ఇదే అనుమానించాలి. పాత పుస్తకాల్లో రోజుకు 200 యూనిట్లు దాటడాన్ని ఇలాంటి ఇన్సులిన్ నిరోధకతకు కొలతగా చెప్పేవారు.

షుగరు పడిన సమయంలో తీసిన రక్తంలో మొత్తం ఇన్సులిన్ విపరీతంగా ఉండి, సి-పెప్టైడ్ తక్కువగా ఉంటే గట్టి ఆధారం. యాంటీబాడీలకు అంటుకోకుండా మిగిలిన ఇన్సులిన్‌ను విడిగా కొలవమని ల్యాబ్‌ను అడుగుతారు. చికిత్సలో ఇన్సులిన్ రకం మార్చడం, రాత్రి మోతాదు తగ్గించడం, టైప్ 2 అయితే వీలున్నంత వరకు ఇన్సులిన్ నుంచి బయటికి రావడం, తీవ్రమైతే ప్లాస్మా మార్పిడి (యాంటీబాడీలున్న రక్తద్రవాన్ని తీసి మార్చడం), యాంటీబాడీల తయారీని అణిచే రిటుక్సిమాబ్ లాంటివి ఉంటాయి.

ఇన్సులిన్ ఎన్నడూ వాడని మనిషికి కూడా ఈ యాంటీబాడీలు వస్తాయా?

వస్తాయి. దీన్ని హిరాటా వ్యాధి అంటారు, 1970లో జపాన్‌లో మొదట వర్ణించారు. గంధకం ఉన్న కొన్ని మందులు దీన్ని రేపుతాయి: థైరాయిడ్‌కు ఇచ్చే మెథిమజోల్, కార్బిమజోల్, నరాల తిమ్మిర్లకు చాలామంది డయాబెటిస్ రోగులు వేసుకునే ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం. కారణం తెలియకుండా షుగరు పడిపోతుంటే 'విటమిన్ బిళ్లలే కదా' అని వదిలేయకుండా వాటి పేర్లూ చెప్పండి. మందు ఆపితే చాలావరకు నెలల్లో సర్దుకుంటుంది.

టైప్ 1 అవునా కాదా అని ఇన్సులిన్ యాంటీబాడీ పరీక్ష రాశారు. ఇప్పుడు చేయించుకోవచ్చా?

ఇన్సులిన్ మొదలుపెట్టి రెండు వారాలు దాటితే దానివల్ల ప్రయోజనం లేదు. రోగం వల్ల పుట్టినవో, ఇంజెక్షన్ వల్ల పుట్టినవో ఆ పరీక్ష తేల్చలేదు. టైప్ 1లో కనిపించే వేరే యాంటీబాడీలను వెతికే గాడ్ (జీఏడీ), ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 పరీక్షలకు ఈ చిక్కు లేదు, ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

సూది వేసే చోట గుంట పడింది. ఇంకొందరికి గడ్డ కడుతోంది. రెండూ ఒకటేనా?

కాదు. గుంట అంటే చర్మం కింద కొవ్వు కరిగిపోవడం, లైపోఅట్రోఫీ. ఇది నిరోధక వ్యవస్థ పని. ఆవు, పంది ఇన్సులిన్ల కాలంలో చాలామందికి ఉండేది, ఇప్పుడు అరుదు. ఇన్సులిన్ రకం మార్చి, ఆ చోటు వదిలేయాలి.

గడ్డ అంటే లైపోహైపర్ట్రోఫీ. ఇది ఎలర్జీ కాదు. ఒకే చోట పదేపదే వేయడం వల్ల, సూదులు మళ్లీ మళ్లీ వాడటం వల్ల కొవ్వు పెరిగి వస్తుంది. కంటికి కనపడకపోవచ్చు. సబ్బు నురగ రాసిన వేళ్లతో పొట్ట మీద నెమ్మదిగా జరిపి చూడండి, పక్కనున్న మెత్తటి చోటు నుంచి గట్టి రబ్బరులాంటి చోటికి వేలు ఎక్కినట్లు తెలుస్తుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి అటే పోతుంది, మందేమో సరిగా ఒంటబట్టదు. ప్రతి సూదికీ మధ్య కనీసం ఒక వేలి వెడల్పు ఎడం ఉంచండి. గడ్డ వదిలి మంచి చోటికి మారిన రోజు అదే మోతాదు బలంగా పనిచేసి షుగరు పడిపోవచ్చు. డాక్టరుతో మాట్లాడి మోతాదు కొంత తగ్గించి మొదలుపెట్టండి, ఆ వారం షుగరు ఎక్కువసార్లు చూసుకోండి.

రక్తపోటు మందులు వాడుతున్నాను. వాటికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు అనాఫిలాక్సిస్‌లో అడ్రినలిన్ పనిని అడ్డుకుంటాయి, షుగరు పడినప్పటి గుండెదడను కూడా కప్పిపుచ్చుతాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాటంతట అవే పెదవులు, నాలుక వాచేలా చేయగలవు, ఏళ్ల తరబడి వాడాక కూడా. దద్దుర్లూ దురదా లేకుండా ఒట్టి నాలుక వాపే వస్తే ఇన్సులిన్‌ను నిందించే ముందు ఆ మాత్ర పేరు డాక్టరుకు చూపించండి.